ఆడోళ్లు ఎక్కిన పడవలు

నాకు ముక్కు మీద కోపమని మైపాడు బస్సు ఎక్కేవాళ్లందరికీ తెలుసు. నెల్లూరు వీధుల్లో పాతికేళ్లుగా చేపలు అమ్ముతున్నాను. ఎవరైనా నా తట్ట ముందు కూర్చుని, వంజరం ముక్కను వేలితో నొక్కి చూసి, "మెత్తబడినట్టుందే" అన్నారంటే వాళ్లను ఆ వీధిలోనే నిలబెట్టి కడిగేస్తాను. చెంచులక్ష్మితో పెట్టుకోవద్దని మా పాళెంలో కొత్త కోడళ్లకు ముందే చెప్పి పెడతారు. చెప్పనీ, నాకేం నష్టం?

ఆ రోజుకు సముద్రంలో రెండు నెలల వేట నిషేధం ముగియడానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఎండు చేపలు అమ్ముకొని మధ్యాహ్నానికి బస్సు దిగి పాళెంలోకి వస్తుంటే ఒడ్డున పడవల దగ్గర గుంపు కనిపించింది. ఎవరి ఇంజనో బిగిస్తున్నారు కాబోలు అనుకున్నాను. దగ్గరికి పోతే నా తమ్ముడు పెంచలకృష్ణ తన కూతుర్ని మోకుతో బాదుతున్నాడు. మోకంటే పడవను ఒడ్డుకు లాగే తాడు. నా మణికట్టంత లావుంటుంది. ఉప్పు పట్టి బిరుసెక్కి ఉంటుంది.

వినీల రెండు పడవల మధ్య ఇసుకలో బోర్లా పడి ఉంది. జాకెట్టు వీపు దగ్గర చినిగిపోయి రక్తం కారుతోంది. చుట్టూ నలభై మంది ఉన్నారు. ఒక్కడంటే ఒక్కడు అడ్డం పోలేదు. ఒకామె చంకలో బిడ్డను పెట్టుకొని మరీ చూస్తోంది.

నెత్తిమీద సిల్వర్ తట్టను తీసి వాడి తల మీద ఒక్కటి వేశాను. వాడు తూలి పడవ మీద పడ్డాడు. మళ్లీ లేచి మోకు ఎత్తాడు. నేను బిడ్డ మీద అడ్డం పడ్డాను. ఆ దెబ్బ నా భుజానికి తగిలింది.

"ఏరా, చంపేస్తావా దాన్ని?"

"చంపేస్తా. నువ్వు అడ్డం రాబాక అక్కా. లెయ్!"

"ఏం చేసిందిరా అది?"

"అడుగు. నువ్వు సాకిన బిడ్డే గదా, నువ్వే అడుగు! కడుపు తెచ్చుకునింది. మూడో నెలంట. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మధుబాబు గాడికి ఫోన్లో చెప్పుకొని ఏడస్తా ఉంటే ఈ చెవులతో విన్నా."

నేను సాకిన బిడ్డే. మరదలు కామెర్లతో పోయేనాటికి దానికి ఆరేళ్లు. అప్పటినుంచి తిండీ నిద్రా నా ఇంట్లోనే. తండ్రి పక్క ఇంట్లోనే ఉంటాడు. పండక్కి గుడ్డలు తెస్తాడు. వినీల పదిహేడేళ్లు నిండి ఇంటర్ పాసై, నర్సింగు సీటు కోసం అప్లికేషన్ పెట్టుకుంది. ఆ కాగితాలన్నీ నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. అలాంటి బిడ్డను పట్టుకొని వాడు అంత మాట అనేసరికి, ఇక వాడితో మాట్లాడకుండా దాన్ని లేపి నడిపించుకుపోయాను.

ఇంటికి తెచ్చి, తలుపు వేసి, వీపు కడిగాను. చర్మం లేచిపోయి ఉంది. నీళ్లు తగిలినప్పుడల్లా అది దుప్పటి కొరుక్కుంటోంది. "నిజమేనా?" అన్నాను. తలూపింది. లాగి చెంప మీద ఒక్కటి ఇచ్చాను. ఆ వీపు మీద చెయ్యి వేసి కడిగినదాన్నే, ఆ చేత్తోనే కొట్టాను. దాచి ప్రయోజనం లేదు, ఆ రోజు దాన్ని కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అది ఏడవలేదు. "నువ్వు కూడానా అత్తా" అంది, అంతే.

ఆ మాటకు పక్కన కూర్చుని ఏడ్చాను. తర్వాత ఫోను తీసుకొని ఆ మధుబాబుకు చేశాను. స్విచ్చాఫ్. సాయంత్రం ఐసు ఫ్యాక్టరీకి పోయి అడిగితే, వాడు బట్టల సంచీతో మద్రాసు బస్సెక్కాడని చెప్పారు. వాడికి ఇరవై రెండేళ్లు. వాడు నా చేతికి దొరికి ఉంటే చేపల కత్తితో పొలుసు తీసేదాన్ని.

మరునాడు మా ఏఎన్ఎం ఆయేషా స్కూటీ మీద వచ్చింది. నెల్లూరు పిల్ల, సాహెబుల ఇంటి బిడ్డ. పాళెంలో పసిపిల్లలకు సూదులు వేసేది, బాలింతలకు మాత్రలు ఇచ్చేది ఆమే. వినీల ముందే ఆమె దగ్గరికి పోయి పరీక్ష చేయించుకుందట, నాకు చెప్పనేలేదు. ఆయేషా గాయాలకు మందు వేసి, నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అక్కా, ఈ రోజే నెల్లూరు పెద్దాస్పత్రికి తీసుకుపోదాం. పదిహేడేళ్ల పిల్ల కాబట్టి డాక్టర్లు పోలీసులకు చెప్పాల్సిందే, అది చట్టం. కానీ అక్కడ దాన్ని ఎవరూ కొట్టరు. ఏం చేయాలో దాన్నే అడుగుతారు."

"పోలీసులా? ఇప్పుడా? ఎల్లుండే గదమ్మా వేట! మొదటి వేట పోనీ. ఆ మర్నాడు నేనే తీసుకొస్తా."

మా పాళెంలో ఒక కట్టుబాటుంది. వేట మొదలయ్యే ముందు మూడు రోజులు ఏ గొడవా ఊరు దాటకూడదు. ఆ మూడు రోజుల్లో పోలీసు కాలు పాళెంలో పడితే గంగమ్మ ఆ ఏడాది వలల్లోకి చేపను రానివ్వదంటారు. నేను చిన్నప్పటినుంచి నమ్మిన మాట అది. ఆయేషాకు అర్థం కాలేదు. "ప్రాణం కంటే వేట ఎక్కువా అక్కా?" అని తన నంబరు రాసిచ్చి వెళ్లిపోయింది. వెనక్కి పిలిచి ఆ స్కూటీ మీదే బిడ్డను ఎక్కించి ఉంటే సరిపోయేది. నా బుద్ధి గడ్డి తిన్నది.

నేను ఆలస్యం చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని తర్వాత చెబుతాను. అది చెప్పాలంటే నాకు సిగ్గు.

ఆ సాయంత్రం పెద్దకాపు హజరత్తయ్య ఊరిని కూర్చోబెట్టాడు. మా పాళేనికి ఆయన మాటే శాసనం. మగవాళ్లు ఇసుకలో కూర్చున్నారు, ఆడవాళ్లం వెనక నిలబడ్డాం. ఆడవాళ్లు అక్కడ నోరు విప్పకూడదు.

"కిష్టయ్యా, ఎల్లుండి పొద్దున మొదటి పడవ నీళ్లలో దిగతాది. ఈ లోపల నీ ఇంటి సంగతి సర్దుకో. ఎట్టా సర్దుకుంటావో నీ ఇష్టం. మేం అడగం. సర్దుకోలేదంటే నీ ఇంటి మీద దురాయి."

దురాయి అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. దురాయి పడిన ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. వాళ్ల పడవకు ఎవరూ చెయ్యి వేయకూడదు. వాళ్ల చేపను ఎవరూ కొనకూడదు. చచ్చిపోతే మోయడానికి నలుగురు రారు.

నా నోరు ఆగలేదు. "యోవ్ పెద్దకాపా! ఆ మధుబాబు గాడి మీద ఏసేదానికి లేదా నీ దురాయి?" అని అరిచాను.

"వాడు మన పాళెం వోడు కాదు. వాడి మీద నాకేం అధికారం? ఆడదానివి, నువ్వు మాట్లాడబాక."

"బిడ్డ మీద మాత్రం ఉండాది అధికారం!"

హజరత్తయ్య కొడుకు వచ్చి నా జుట్టు పట్టుకొని గుంపు బయటకు ఈడ్చి తోసేశాడు. నా నోట్లోకి ఇసుక పోయింది. లేచి చూస్తే నా తమ్ముడు తలొంచుకొని కూర్చుని ఉన్నాడు. అక్కను ఈడ్చారని కూడా వాడు తల ఎత్తలేదు. అప్పుడే నాకు భయం వేసింది, కానీ ఆ భయం వాడు మళ్లీ కొడతాడేమోనని మాత్రమే.

రెండు రాత్రులు బిడ్డను నా పక్కలో పెట్టుకొని తలుపుకు అడ్డం పడుకున్నాను. మూడో రోజు తెల్లవారాక నీళ్ల ట్యాంకరు వచ్చిందని బిందెలు తీసుకొని పోయాను. పావుగంట కూడా కాలేదు. తిరిగి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, చాప మీద వినీల లేదు. ఒక చెప్పు గడప దగ్గర, ఇంకో చెప్పు వీధిలో పడి ఉన్నాయి.

బిందెలు అక్కడే వదిలేసి ఒడ్డుకు పరుగెత్తాను. పడవలన్నింటికీ మామిడాకులు కట్టారు, పసుపు పూశారు. వరసలో మొదటిది హజరత్తయ్య పడవ. పెద్దకాపు పడవ నీళ్లలో దిగందే ఇంకో పడవ వేటకు దిగకూడదు. కానీ ఆ వరసకు కాస్త దూరంగా నా తమ్ముడి పడవ అప్పటికే నీళ్లలో తేలుతోంది. ఇంజను దగ్గర సుధాకర్, మా మరదలి తమ్ముడు, కూర్చున్నాడు. ముందు వైపు నా తమ్ముడు తెడ్డు పట్టుకొని నిలబడ్డాడు. నడుమ వినీల కూర్చుని ఉంది. తల మీద దుప్పటి కప్పారు. చేతులు వల దారంతో కట్టేసి ఉన్నాయి.

"యాడికి తీసుకుపోతుండావురా?"

"కృష్ణపట్నం. ఆడ ఆస్పత్రి ఉండాది. నీళ్ల మీదయితే తొందరగా పోవచ్చు." ఆ మాట నా తమ్ముడు నా మొహం చూడకుండా అన్నాడు.

మా పాళెంలో ఆడది పడవ ఎక్కదు. పురుడు అడ్డం తిరిగి చచ్చిపోతున్న ఆడదాన్ని కూడా ఇసుకలో మంచం మీద మోసుకుపోయారే గాని పడవ ఎక్కించలేదు. తుఫానులో ఇళ్లు మునిగినప్పుడు కూడా మేం మెడ లోతు నీళ్లలో నడిచాం. ఆడది కాలు పెట్టిన పడవను కడిగి, పూజ చేసి, తొమ్మిది రోజులు ఒడ్డున ఉంచాలి. అలాంటిది వేట మొదలయ్యే రోజున తన పడవలోకి కూతుర్ని ఎక్కించాడంటే వాడు వేటకూ పోవడం లేదు, ఆసుపత్రికీ పోవడం లేదు. ఒడ్డున ఉన్న మగవాళ్లందరికీ అది తెలుసు. వాళ్లందరూ అటు తిరిగి వలలు సర్దుకుంటున్నారు. సర్దుకో అన్న మాటకు అర్థం ఇదా అని అప్పుడు తెలిసింది నాకు.

"అత్తా!" అని వినీల ఒక్క కేక పెట్టింది. సుధాకర్ దాని నోరు మూశాడు.

నేను నీళ్లలోకి దూకాను. నడుము లోతులో పడవ అంచు పట్టుకున్నాను. "వదులు అక్కా" అన్నాడు నా తమ్ముడు. వాడి చెయ్యి దొరికితే కండ ఊడేలా కొరికాను. వాడు కేక వేసి, తెడ్డు ఎత్తి నా కుడి చెయ్యి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండో దెబ్బ మెడ పక్కన తగిలింది. అల వచ్చి నన్ను కింద పడేసింది.

లేచేసరికి పడవ నాలుగు గజాలు ముందుకు పోయింది. దాని వెనక మోకు నీళ్లలో తేలుతోంది. ఎడమ చేత్తో ఆ మోకు పట్టుకొని నడుముకు రెండు చుట్లు చుట్టుకున్నాను. సుధాకర్ ఇంజను లాగాడు. పడవ ముందుకు దూకింది, నేను నీళ్లలో బోర్లా పడి దాని వెంట ఈడ్చుకుపోయాను. మోకు నడుమును కోస్తోంది. ఎదురు అలలకూ నా బరువుకూ పడవ దూరం పోలేక ఒడ్డు దగ్గరే తిరుగుతోంది. ఉప్పు నీళ్లు ముక్కులోకి, నోట్లోకి పోతున్నాయి. తల పైకి వచ్చినప్పుడల్లా ఒకటే అరుపు, "శేషమ్మా! శేషమ్మా!" అని.

వెంకటశేషమ్మకు డెబ్బై ఏళ్లు. నాతోనే బస్సులో చేపల తట్టతో వచ్చే ముసలామె. మేం పదకొండు మందిమి అలా బస్సులో పోయి అమ్ముకునేవాళ్లం. అందరం మొగుళ్లను సముద్రానికి ఇచ్చిన వాళ్లమే. పూజ రోజు మమ్మల్ని పడవల దగ్గరికి కూడా రానివ్వరు. దిబ్బ మీద నిలబడి చూడాలి.

శేషమ్మ దిబ్బ దిగి వచ్చింది. నా దగ్గరికి వస్తుందనుకున్నాను. రాలేదు. ఆమె తిన్నగా పోయి, కొంగు నడుముకు దోపి, మామిడాకులు కట్టిన హజరత్తయ్య పడవ ఎక్కి కూర్చుంది.

ఒడ్డున మగవాళ్లంతా వలలు వదిలేసి అటు తిరిగారు.

"దిగవే ముండా!" అన్నాడు హజరత్తయ్య కొడుకు.

"బిడ్డను దించమను, దిగతా."

వాడు ఆమె నోటి మీద గుద్దాడు. ముందు పళ్లు రెండు ఊడి పడవలో పడ్డాయి. ఆమె పడవ చెక్కను రెండు చేతులతో కరుచుకుంది. అప్పుడు దిబ్బ మీది మిగతా వాళ్లు కదిలారు. ఉషారాణి అందరిలోకీ చిన్నది, ముప్పై ఏళ్లుండవు. ముందు ఆయేషాకు ఫోన్ చేసి, ఆ ఫోను రవికలో దోపుకొని పక్క పడవ ఎక్కింది. తర్వాత ఒకరి వెనక ఒకరు, ఉషారాణితో కలిపి తొమ్మిది పడవల మీద తొమ్మిది మంది. మగవాళ్లు జుట్టు పట్టి కిందికి లాగితే మళ్లీ ఎక్కారు. కాళ్లు పట్టి ఈడ్చితే ఇంకో పడవలోకి పాకారు. ఒకామె తల పగిలి కళ్లలోకి రక్తం కారుతున్నా పడవలోంచి పడవలోకి మారుతూనే ఉంది. ఎక్కిన ప్రతి పడవలోనూ రక్తంతో అడుగులు పడ్డాయి. బూతులు, ఏడుపులు, దెబ్బల చప్పుళ్లు. పూజకు పెట్టిన గుమ్మడికాయలు కాళ్ల కింద పగిలిపోయాయి. పాళెం పడవలన్నీ తొమ్మిది రోజులకు పనికిరాకుండా పోయాయి.

"ఇంకా ఉండాయి పెద్దకాపా!" అని శేషమ్మ రక్తం ఉమ్మింది. "ఆ వలలు కూడా తొక్కుతాం. ఆ బిడ్డ చస్తే తొమ్మిది రోజులు కాదు, రోజూ వచ్చి ఎక్కుతాం. ఎంత మందిని చంపుతావో చంపు."

హజరత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు నెలలు పని లేక ఉన్న మగవాళ్లు ఆయన వంక చూస్తున్నారు. ఆయన సముద్రం వైపు తిరిగి, "కిష్టయ్యా, పడవను ఎనక్కి తే!" అని అరిచాడు.

నా తమ్ముడు వినలేదు. అప్పుడు ఆ మగవాళ్లే నీళ్లలోకి దిగారు. అంతవరకూ వీపు చూపించిన వాళ్లే నా నడుముకున్న మోకు పట్టుకొని పడవను ఒడ్డుకు లాగారు. వాళ్లు లాగింది బిడ్డ కోసం కాదు, పడవల కోసం. ఎందుకు లాగితేనేం?

పడవ ఇసుకను తాకుతుంటే నా తమ్ముడికి పిచ్చెక్కింది. వల కోసే కత్తి తీసి వినీల మీదికి పోయాడు. అది కట్టిన చేతులతోనే వెనక్కి పడి, రెండు కాళ్లతో వాడి ఛాతీ మీద తన్ని, పడవ అంచు మీద నుంచి నీళ్లలోకి దొర్లింది. కత్తి దాని పిక్కను చీల్చింది. నేను ఎడమ చేత్తో దాని జడ అందుకున్నాను. ఉషారాణి వచ్చి నడుము పట్టుకుంది. ఇద్దరం కలిసి ఇసుక మీదికి లాగాం.

ఆయేషా పంపిన అంబులెన్సు రావడానికి గంట పట్టింది. నా జన్మలో అంత పొడుగు గంట లేదు. మేం పదకొండు మందిమి వినీలను నడుమ పెట్టుకొని ఇసుకలో వలయంగా కూర్చున్నాం. దిబ్బ మీది తట్టల్లోంచి చేపల కత్తులు తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాం. చుట్టూ మగవాళ్లు నిలబడ్డారు. నా తమ్ముడు కొంచెం దూరంలో తల కొట్టుకొని ఏడుస్తున్నాడు, మధ్య మధ్యలో లేచి మీదికి వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ నేను ఎడమ చేత్తో కత్తి ఎత్తాను. నా ఎముక చర్మం కింద పొడుచుకొచ్చి ఉంది. వాడు ఇంకో అడుగు వేసి ఉంటే నా తమ్ముడని కూడా చూసేదాన్ని కాదు, పొడిచేదాన్ని.

హజరత్తయ్య అక్కడే నిలబడి మా పదకొండు మంది మీదా దురాయి చాటించాడు. ఇక మాతో పాళెంలో ఎవరూ మాట్లాడకూడదు, మాకు ఎవరూ చేప ఇవ్వకూడదు. శేషమ్మ కొంగుతో నోరు తుడుచుకొని నవ్వింది.

"ఏసుకో. మాట్లాడుకునేదానికి మేం పదకొండు మందిమి ఉండాం. చేప మైపాడులో కూడా దొరకతాది."

పోలీసులు వచ్చి నా తమ్ముణ్ణీ సుధాకర్‌నూ జీపు ఎక్కించారు. వేట ముందు పోలీసు కాలు పాళెంలో పడింది. గంగమ్మ ఏమీ అనలేదు.

నెల్లూరు ఆసుపత్రిలో వినీల పిక్కకు పద్నాలుగు కుట్లు వేశారు. నా చేతికి కట్టు కట్టారు. ఒక పోలీసమ్మ మంచం పక్కన కూర్చుని మధుబాబు సంగతీ, తండ్రి సంగతీ అంతా రాసుకుంది. వినీల గొంతు వణికింది గాని ఒక్కటీ దాచలేదు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. ఆయేషా కూడా పక్కనే ఉంది.

డాక్టరమ్మ నోరు విప్పకముందే నేను అందుకున్నాను. "బిడ్డను కననీండి డాక్టరమ్మా. నేను సాకుతా. దానికి ఏ కష్టం లేకుండా నేను చూసుకుంటా. అది చదువుకోనీ, ఆ పసిదాన్ని నా మీద వదిలేయమనండి."

తర్వాత చెబుతానన్నది ఇదే. నేను ఇద్దర్ని కన్నాను. ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఆ తర్వాత మొగుడు పోయాడు. వినీల కడుపుతో ఉందని తెలిసిన రోజు దాన్ని చెంప మీద కొట్టానా, ఆ రాత్రే పక్కన పడుకొని, ఆ పుట్టేదానికి ఉయ్యాల ఎక్కడ కట్టాలా అని ఇంటి దూలం వంక చూశాను. ఆయేషా పెద్దాస్పత్రి అన్నప్పుడు నాకు గంగమ్మ గుర్తొచ్చిన మాట నిజమే. అక్కడికి పోతే కడుపు తీసేస్తారేమోనన్న భయం కూడా అంతే నిజం. ఆ ఆశకే నేను రెండు రోజులు ఆలస్యం చేశాను. అందుకే బిడ్డ పడవ దాకా పోయింది.

డాక్టరమ్మ నా మాట వింది. విని, "నేను మిమ్మల్ని అడగలేదమ్మా" అంది. మంచం మీద వంగి, "వినీలా, నీకు ఏం కావాలి? ఎవరి కోసమూ చెప్పొద్దు. రేపు చెప్తానన్నా సరే" అంది.

నాలుగు రోజులుగా ఆ పిల్లను కొట్టినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు, చంపబోయినవాళ్లున్నారు, కాపాడినవాళ్లున్నారు. నీకేం కావాలని అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు.

వినీల డాక్టరమ్మ వైపు తిరిగింది. "నాకు వద్దు" అంది. "నేను కనలేను. భయంగా ఉండాది. నాకు నర్సింగు చదవాల."

"వయసు పద్దెనిమిది నిండలేదు కాబట్టి సాకుతున్న పెద్దవాళ్లు కూడా సంతకం పెట్టాలి" అంది డాక్టరమ్మ. ఆరేళ్లప్పటి నుంచి నేనే సాకానని ఆయేషా చెప్పింది. కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. నేను దాన్ని ముట్టుకోలేదు. గదిలోంచి బయటకు పోదామని లేచాను కూడా.

"అత్తా" అంది వినీల.

"ఏందమ్మా?"

"పొద్దున నడుముకు మోకు కట్టుకునింది నా కోసరమా, కడుపులో దాని కోసరమా?"

తమ్ముడు తెడ్డుతో కొట్టిన దెబ్బ కంటే ఆ మాట గట్టిగా తగిలింది. అది నన్ను నిలదీయడానికి అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. నేను ఏమంటానో అని నా మొహం వంక చూస్తోంది. ఆ కళ్లలో ఉన్న భయం పడవలో కూర్చున్నప్పటి భయమే.

"నీ కోసరమే తల్లీ" అన్నాను. "నీ ఒక్కదాని కోసరమే."

అనేటప్పటికి అది సగమే నిజం. కూర్చుని ఎడమ చేత్తో పెన్ను పట్టుకున్నాను. ఆ చేత్తో నేను ఎప్పుడూ రాయలేదు. ఏడుస్తూ, ఒక్కో అక్షరమే దిద్దుకుంటూ చెంచులక్ష్మి అని నా పేరు రాశాను. రాయడం అయ్యేసరికి నేను చెప్పిన మాట పూర్తిగా నిజమైంది.